ఐసు బండి తాగిన నీళ్ళు

పెదజాలారిపేట, విశాఖపట్నం
జూన్ 9

లేచిందే తల్లీ, మన ఐసు బండి లేచింది!

ఆగు, సంతోషంలో పద్ధతి మర్చిపోనాను. చిరంజీవి అనూరాధకి నాన్న ఎల్లారావు దీవించి రాయునది. మీ అమ్మా నానూ కులాసా. నువ్వు కులాసా అని తలుస్తన్నాను. ఇప్పుడు మళ్ళీ బండి దగ్గిరికి వత్తాను.

తొమ్మిది నెలలు టార్పాలిన్ కింద పడుకున్న బండి. నిన్న పొద్దున్న కొత్త బేటరీ పెట్టి, పాత డీజిలు తోడేసి, అమ్మవారికి దణ్ణం పెట్టి తాళం తిప్పాను. మొదటిసారి దగ్గింది. రెండోసారి తుమ్మింది. మూడోసారి సీటు నా కింద గడగడా ఊగిపోనాది. నాకు చెవులు, దగ్గిరికొచ్చి అరిస్తే తప్ప, వినపడవు గదా, ముప్పై ఏళ్ళు ఐసు ఫేక్టరీకీ ఫిషింగ్ హార్బరుకీ తోలితే ఆ బండే తినేసింది. సౌండు ఎలగుందో తెలీక గుమ్మం వైపు చూసాను. మీ అమ్మ రెండు చెవులూ మూసుకుని నిలబడింది. అది చూసి నాకు కళ్ళంట నీళ్ళొచ్చేసాయి.

అసలు సంగతి మీ పోతమ్మత్త. మోకాళ్ళు పూర్తిగా అరిగిపోనాయి. చేపల గంప చూస్తే బస్సు ఆపడం లేదు, ఆటోవాడు వాసనంటాడు. హార్బరు నుంచి మద్దిలపాలెం దాకా నెత్తి మీద గంపతో నడుస్తంది మా అప్ప. నాను మాటిచ్చేసాను. "పదిహేను నుంచి సముద్రంలో వేట మళ్ళీ మొదలు గదా అప్పా, నీ గంపా, నీ జట్టు ఆడోళ్ళ ఆరు గంపలూ నా బండిలో. నువ్వు నా పక్కన సీట్లో. మిగతావోళ్ళు చేతులూపుకుంటా బస్సెక్కుతారు" అన్నాను. తను నమ్మలేదు. "ఒరే ఎల్లారావూ, ఆ బండి నాకంటే ముసిల్దిరా" అంది.

ఇంకో సంగతి. బండి రోడ్డుకి పనికొస్తాదని ఇచ్చే ఎఫ్.సి. కాయితం ఆగస్టు నెలాఖరు వరకే. 29న తీసుకెళ్ళి చూపించాలి. పాసయితే మరో ఏడాది రోడ్డు మీద ఉంటాది. తప్పితే తుక్కుకి పోద్ది. పాసవుతాది, నాకు తెలుసు.

రేడియేటరు మాత్రం కొంచెం నీళ్ళు తాగతంది. తొమ్మిది నెలలు తాగలేదు గదా, దాహం వేసుంటాది.

ఉత్తరమే రాయి. ఫోన్లో నువ్వేటి చెప్పినా నాకు ఈగ ముసిరినట్టే ఉంటంది.

మీ నాన్న
ఎల్లారావు


కాకినాడ
జూన్ 14

నాన్నకి నమస్కారాలు.

నీ ఉత్తరం మా మెకానిక్ షెడ్డులో చదివి గట్టిగా నవ్వేశాను. లారీ కింద పడుకున్న మేస్త్రీ తల బయటికి పెట్టి ఏమైందమ్మా అని అడిగాడు. మా నాన్న బండి లేచిందండీ అన్నాను. ఫోన్లో మాట్లాడితే నీకు వినపడాలని నేను అరవాలి, అప్పుడు షెడ్డు మొత్తం మన సంసారం వింటుంది. అందుకని నాకూ ఉత్తరమే హాయి.

కానీ నాన్నా, ఆ దాహం ముక్క చదివాక నవ్వు ఆగిపోయింది. బండికి దాహం వేయదు. రేడియేటరూ ఇంజనూ గొట్టాలూ అన్నీ కలిపి మూత బిగించిన కుండ లాంటివి. అందులో నీళ్ళు తిరగాలి, తరగకూడదు. తరిగాయంటే ఎక్కడో దారి దొరికిందన్నమాట. ఆ దారి బయట ఉంటే చవగ్గా పోతుంది. ఇంజను లోపల ఉంటే మాత్రం పెద్ద పని.

నువ్వు నాకు కళ్ళూ చేతులూ అవ్వాలి. రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచి పడుకో, పొద్దున్న తడి ఉందేమో చూడు. ఆయిలు పుల్ల తీసి చూడు, నల్లగా ఉందా, పాలు కలిపిన టీలాగ ఉందా. బాగా వేడెక్కాక కూడా వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ వస్తోందా అని అమ్మని చూడమను. ఎంత దూరానికి ఎన్ని చెంబులు పోస్తున్నావో రాసిపెట్టు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత ముట్టుకోకు. నీ మొహం నాకు కావాలి.

ఇక్కడ పని బాగానే ఉంది.

నీ కూతురు
అనూరాధ


పెదజాలారిపేట
జూన్ 27

తల్లీ అనూరాధా,

నువ్వు చెప్పినవన్నీ చేసాను. పేపర్లు పరిచాను, పొద్దున్నకి పొడిపొడిగా ఉన్నాయి. మీ అమ్మ వాటినే తిరిగి బీరువాలో పరిచేసింది. ఆయిలు నల్లగా శుభ్రంగా ఉంది. పొగ మామూలే, తెలుపు లేదు. హార్బరు దాకా వెళ్ళొస్తే ఒక చెంబు. హనుమంతవాక ఎత్తెక్కితే మూడు చెంబులు. కింద చుక్క పడదు, పైన తగ్గిపోతంది. ఎక్కడికి పోతన్నాయో నాకే అంతు పట్టలేదు.

పద్దెనిమిదో తారీకున గంపలన్నీ వేసుకుని బయల్దేరితే ఎత్తు మీద వేడి చూపించే ముల్లు ఎర్ర గీతలోకి పోనాది. బానెట్లోంచి ఆవిరి. మీ అత్త దిగి గంప మూతతో ఇంజనుకి విసురుతుంటే, వచ్చే పోయే జనం నవ్వుకుంటా పోనారు. "నీ బండికి నాను సేవ సెయ్యాలేట్రా?" అని నన్ను తిడతంది, విసరడం మాత్రం మానలేదు. ఆ రోజు సగం చేపలు మెత్తబడిపోనాయి.

కృష్ణంరాజు గారిని పిలిచాను. నీకు తెలుసుగదా, నలభై ఏళ్ళు ఇంజన్ల మీద చెయ్యి. టార్చి వేసి అంతా చూసి "ఎల్లారావూ, నీళ్ళు కింద కారడం లేదంటే ఇంజనే లోపల తాగేస్తంది. ఇంజను మీదుండే హెడ్డు చీలింది. ఈ కాలం ఇంజనుకి హెడ్డు దొరకదు. దణ్ణం పెట్టి సాగనంపు" అన్నారు. మీ దొరబాబు మావ ఆ మాట కోసమే చూస్తన్నాడు. "బావా, మా ఎరికలో తుక్కు కొనేవోడున్నాడు, నానే తీసుకొత్తాను, పదకొండో తారీకుకి వత్తాడు" అన్నాడు. మీ అత్త నా మొహం చూసి గంప ఎత్తుకుని నడిచి వెళ్ళిపోనాది.

కానీ తల్లీ, వారం నుంచి నీళ్ళు తగ్గడం తగ్గింది. అమ్మవారి దయ. రాజుగారు తప్పు చెప్పుంటారని నాకు ఆశగా ఉంది. నువ్వేటంటావు?

మీ నాన్న

(కవరు అంటించే చోట, వేరే చేతిరాత)
అనూ, అమ్మవారి దయ కాదు. మీ నాన్న నా పసుపు డబ్బా మొత్తం ఆ బండిలో పోసేసాడు. అరకిలో. పులుసులోకి కూడా లేదు. అమ్మ.


కాకినాడ
జూలై 2

నాన్నా, అరకిలో పసుపా!

నాకు తెలుసు, పాత డ్రైవర్లంతా చేసే పనే. చిన్న చిల్లుంటే పసుపు వెళ్ళి అడ్డం పడి కొన్నాళ్ళు ఆపుతుంది. ఆ తర్వాత రేడియేటరులో సన్న గొట్టాలన్నీ పూడుకుపోతాయి, ఇంజను ఇంకా వేడెక్కుతుంది. నాకు రాసే ఉత్తరంలో అమ్మవారి మీద పెడతావా? అమ్మ లేకపోతే నేను ఇక్కడ కూర్చుని నీళ్ళు ఎందుకు తగ్గడం లేదా అని పిచ్చి లెక్కలు వేసుకునేదాన్ని.

రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు అన్నం తింటుంటే ఒక ఆలోచన వచ్చింది. అందుకే ఆ నీళ్ళు అప్పుడే పారబోయకు.

ఇలాంటి బండ్లకి మేం షెడ్డులో రంగు మందు పోసి, నీలం లైటు వేసి చూస్తాం. మేం అంటే వాళ్ళు. నేను దూరం నుంచి చూస్తాను. నిజం చెప్పాలంటే రెండు నెలలుగా నాకు బిల్లు బుక్కూ నట్లు కడిగే పనీ తప్ప ఇంజను ఇవ్వలేదు. నీకు చెప్తే బాధపడతావని పని బాగానే ఉంది అని రాశాను. నువ్వు పసుపు దాచావు, నేను ఇది దాచాను.

ఇప్పుడు విను. నీళ్ళు ఎక్కడ బయటికొస్తే పసుపూ అక్కడికే వస్తుంది. వేడికి నీళ్ళు ఆవిరైపోయినా పసుపు అక్కడే ఉండిపోతుంది. ఇంజను మడ్డిలో అది కంటికి కనపడదు. కానీ అమ్మ దిష్టి తీసేటప్పుడు పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఏమవుతుంది?

ఇంజను బయటంతా శుభ్రంగా తుడువు. హనుమంతవాక ఎత్తెక్కి దిగిరా. చెయ్యి పెట్టగలిగేంత చల్లారనివ్వు. పాత తెల్లపంచె ముక్కలు చేసి సున్నపు నీళ్ళలో ముంచి పిండి, ఒక్కో చోట ఒక్కో ముక్కతో అద్దు. రేడియేటరు, గొట్టాల చివర్లు, నీళ్ళ పంపు, హెడ్డు అతుకు చుట్టూ. ఎక్కడ గుడ్డ ఎర్రబడితే అక్కడే దారి. తుక్కు కొనేవాడు రాకముందే చెయ్యి.

ఏ గుడ్డా ఎర్రబడకపోతే, నీళ్ళు నిజంగా లోపలికే పోతున్నట్టు. అప్పుడు రాజు మావయ్యగారి మాటే మాట. నేను అడ్డు చెప్పను. అత్తకి నేనే ఉత్తరం రాస్తాను.

ఇంకేదైనా దాచి ఉంటే ఇప్పుడే చెప్పు నాన్నా.

అనూరాధ


పెదజాలారిపేట
జూలై 11

నా బంగారు తల్లీ, ఎర్రబడింది! కవర్లో గుడ్డ ముక్క పెట్టాను, ముందు అది చూడు, తర్వాత ఉత్తరం చదువు.

చూసావా? ఇప్పుడు మొదట్నుంచీ చెప్తాను.

పొద్దున్నే ఎత్తెక్కి దిగొచ్చాను. నా పెళ్ళినాటి పంచె చించి ఎనిమిది ముక్కలు చేసాను. సున్నం మీ అత్త ఇచ్చింది, తన ఆకువక్కల డబ్బాలోది. రాజుగారు వచ్చి కుర్చీ వేసుకు కూకున్నారు. దొరబాబు బావ తుక్కు కొనే మనిషిని వెంటబెట్టుకునే వచ్చాడు. వాడు అప్పటికే బండి చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూస్తన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

రేడియేటరు అద్దాను, తెలుపే. పై గొట్టం, తెలుపు. కింది గొట్టం, తెలుపు. నీళ్ళ పంపు, మడ్డి అంటింది, ఎరుపు లేదు. హెడ్డు అతుకు చుట్టూ మూడు ముక్కలతో అద్దాను తల్లీ, తెలుపే. రాజుగారు నా చెవి దగ్గిర నోరు పెట్టి "సెప్పానా?" అన్నారు. ఆ ఒక్క మాట మాత్రం నాకు బాగా వినపడింది, మిగతావన్నీ తరవాత మీ అమ్మ నా చెవిలో అరిచి చెప్పినవే. బావ "సరే బావా, తాళాలియ్యి" అని చెయ్యి చాపాడు. నాను జేబులో చెయ్యి పెట్టాను. అబద్ధమెందుకు, తాళాలు బయటికి తీసాను.

మీ అమ్మ అప్పుడు బానెట్లోకి తొంగి చూస్తంది. "ఆ ఎనక పక్క ఎవులూ అద్దలేదేటి?" అంది. ఇంజను తలకాయకి వెనక, కేబిన్ రేకుకి మధ్య సందు. నా చెయ్యి అందులో దూరదు, రాజుగారిదీ దూరదు. "అక్కడేటుంటాదమ్మా, ఇనప గోడ" అన్నారాయన. మీ అమ్మ గాజులు పైకి తోసుకుని, మిగిలిన ఒక్క ముక్కా పట్టుకుని, భుజం దాకా చెయ్యి పెట్టేసింది. కాసేపు తడిమింది. బయటికి తీసింది.

గుడ్డ ఎర్రగా ఉంది. గుడ్డే కాదు, అరచెయ్యంతా పెళ్ళికూతురి పారాణిలాగ ఎర్రగా ఉంది! ఆ చెయ్యి అలగే పైకెత్తి అందరికీ చూపించింది. మీ అత్త కూకున్నచోటే గంప మీద దరువేసింది. నాను ఏడ్చాను తల్లీ, వీధిలో అందరి ముందూ ఏడ్చాను. తాళాలు నడుముకి కట్టేసుకున్నాను. తుక్కు మనిషికి టీ ఇచ్చి పంపేసాం.

రాజుగారు అద్దం ముక్కతో ఆ సందులో చూసారు. అక్కడ రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్ద రేకు మూత ఉందంట, ఇంజనుకి పుట్టుకతోనే వేసినది. తుప్పట్టి సూది మొనంత బెజ్జం పడింది. ఎత్తెక్కేటప్పుడు నీళ్ళు సన్నగా చిమ్మి, వేడికి అక్కడికక్కడే ఆవిరైపోతన్నాయి. అందుకే కింద చుక్క లేదు. ఆయన స్క్రూడైవరు దూర్చి ఆ తుప్పు గోకి, వేలికి రాసుకుని నాలిక మీద పెట్టుకున్నారు. నా వైపు అదోలాగ చూసారు. "ఉప్పు. ఇంజన్లో ఏ నీళ్ళు పోసావు ఎల్లారావూ?" అన్నారు.

ఇంకేదైనా దాచావా అని అడిగావు గదా. దాచాను. హార్బరు నుంచి చేపలు తెచ్చేటప్పుడు ఐసు కరిగి బండి అడుగున చేరతాది గదా, ఆ నీళ్ళు పోసేవోడిని. ఒకరోజు కాదు, ముప్పై ఏళ్ళూ. వేడి ఇంజనుకి సల్లటి నీళ్ళు మంచిదనుకున్నాను. రేడియేటరులో పోసే కూలెంటు మందు కొనమని అందరూ చెప్పేవోరు. ఇంత సల్లటి నీళ్ళు ఊరకే ఉంటే కొనడమేటని నవ్వేవోడిని. చేపల ఉప్పు అందులో ఉంటాదని ఐదో తరగతి చదివిన నా బుర్రకి తట్టలేదు. నా బండిని నానే తినేసాను తల్లీ. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా రాసాను.

రాజుగారు అడగమన్నారు, ఇప్పుడేటి చెయ్యాలని. నన్ను కాదు, నిన్ను అడగమన్నారు.

మీ నాన్న


కాకినాడ
జూలై 16

నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎర్ర గుడ్డ నా పెట్టెలో దాచుకున్నాను.

ఐసు నీళ్ళ సంగతికి నిన్ను తిట్టాలని పెన్ను తీశాను. చేత కాలేదు. ఎండలో ఇంజను కాలిపోతుంటే జాలిపడి చల్లటి నీళ్ళు పోసిన మనిషిని ఎలా తిడతాను? కానీ ఇంకెప్పుడూ పోయకు.

ఆ మూతని కోర్ ప్లగ్ అంటారు. రాజు మావయ్యగారికి నా నమస్కారాలు చెప్పు. ఇది ఆయన చెయ్యే చెయ్యాలి, నేను రాతతో చేసే పని కాదు. ఇంజను బోల్టులు విప్పి గొలుసుతో ఎత్తి జానెడు ముందుకి జరపమను. వెనక మూత ఒక్కటే మార్చొద్దు. ఇంజను పక్కన ఇంకో నాలుగున్నాయి, అవీ అదే ఉప్పు తిన్నాయి, ఇవాళ కాకపోతే రేపు పోతాయి. ఐదూ కొత్తవి బస్సు పార్సిల్లో వేశాను, మద్దిలపాలెంలో తీసుకో. కూర్చునే చోటు మెరిసేదాకా తోమి, అంటించే మందు పూసి, అన్ని వైపులా సమానంగా దిగేలా కొట్టాలి. రేడియేటరు విప్పి, తిరగేసి, పసుపు మొత్తం పోయేదాకా నీళ్ళు పట్టించాలి. గొట్టాలు కూడా. ఆ తర్వాత కూలెంటు, దాంతో సమానంగా బాటరీ నీళ్ళు. కుళాయి నీళ్ళు కూడా వద్దు.

నింపాక ఇంజను కాసేపు తిరగనిచ్చి, చల్లారాక మళ్ళీ నింపు. లోపల గాలి ఉంటే ముల్లు ఊరికే పైకి పోతుంది. అప్పుడు కంగారుపడి పసుపు వెతుక్కోకు.

గుడ్డ ముక్క మా ఓనరుకి చూపించాను. ఏమిటిది అన్నాడు. చెప్పాను. వాసన చూశాడు. కుర్చీలోంచి లేచి మేస్త్రీలందర్నీ పిలిచి నా చేతే మళ్ళీ చెప్పించాడు. ఒకడు నవ్వబోతే, "నీకొచ్చిందా ఈ ఆలోచన?" అన్నాడు. ఈ ఉదయం ఇసుక లారీ ఒకటి వచ్చింది, ఎందుకు వేడెక్కుతోందో ఎవరికీ తెలియడం లేదు. ఓనరు బిల్లు బుక్కు నా చేతిలోంచి తీసుకుని, "అమ్మాయ్, నువ్వు చూడు" అన్నాడు.

చూస్తున్నాను నాన్నా.

అనూరాధ


పెదజాలారిపేట
ఆగస్టు 29

పాసయిపోనాదే తల్లీ! ఎఫ్.సి. పాసు! కాయితం మీద స్టాంపు తడి ఆరకుండా నీకు రాస్తన్నాను!

ఎక్కడ మొదలెట్టాలో తెలీడం లేదు. రాజుగారు ఐదు మూతలూ మార్చారు. పాతవి తీస్తే రెండు చేతిలోనే పొడైపోనాయి. నువ్వు ఐదు పంపకపోతే దసరా లోపల ఇంకోటి పోయేదని ఆయనే అన్నారు. రేడియేటరు కడుగుతుంటే మూడు రోజులు మన వాకిట్లో కాలవ పసుప్పచ్చగా పారింది. ఏ పేరంటమమ్మా అని పక్కింటోళ్ళు వచ్చి అడిగారు. మీ అమ్మ నా వైపు వేలు చూపించింది.

ఇరవై రోజులుగా గంపలు మోస్తన్నాం. నీళ్ళు ఒక్క చుక్క తగ్గలేదు. రోజూ పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూస్తన్నాను, ఆకుపచ్చగా నిండుగా నా మొహం కనపడతంది అందులో. ఆదివారం పెందుర్తి దాకా కూడా వెళ్ళాం. హనుమంతవాక ఎత్తు మీద ఏడు గంపలు, పక్కన మీ అత్త, ముల్లు సగం దగ్గిర మేకు కొట్టినట్టు నిలబడింది. మీ అత్త ఆ ముల్లు మీంచి కన్ను తియ్యదు. "కదిల్తే సెప్తానుండ్రా" అంటంది. కదల్లేదు.

ఈ రోజు ఎఫ్.సి.కి జనం ఎక్కువైపోనాం. నాను, రాజుగారు, దొరబాబు బావ, మీ అమ్మ, మీ అత్త. బండ్లు చూసే ఆఫీసరు "పెళ్ళికొచ్చారేటి?" అన్నాడంట, మీ అమ్మ చెప్పింది. బానెట్టు ఎత్తించాడు, అరగంట తిప్పించాడు, కింద దూరి చూసాడు, బ్రేకులు తొక్కించాడు. "ఈ ఇంజను ఎవరు చూస్తారు?" అని అడిగాడు. నాకు వినపడలేదు గదా. రాజుగారు చెప్పారు. నలభై ఏళ్ళు ఇంజన్ల మీద చెయ్యున్న మనిషి, తన పేరు చెప్పుకోవచ్చు. "దీని ఇంజనీరు కాకినాడలో ఉందండి. ఉత్తరాల్లో వైద్యం చేసింది" అన్నారంట. మీ అమ్మ ఇంటికొచ్చేదాకా నా చెవిలో అదే మాట అరుస్తా వచ్చింది. నాను వినపడనట్టు "ఏటి? ఏటి?" అని ఐదు సార్లు చెప్పించుకున్నాను.

ఇసుక లారీ సంగతి రాసావు గదా, ఫేను బెల్టు జారుతోందని నువ్వే పట్టుకున్నావని. ఆ ఉత్తరం రాజుగారు అడిగి తీసుకెళ్ళారు, ఇంకా తిరిగివ్వలేదు. అడగడానికి నాకు మొహమాటంగా ఉంది, తనింట్లో చదివి వినిపిస్తన్నారంట.

నాను ఇంకెంతమందికని చెప్పగలను? నాకు వినపడదు, ఫోన్లు నావల్ల కాదు. నువ్వే అందరికీ చెప్పాలి. భీమిలిలో మీ తవిటమ్మ పెద్దమ్మకి. మంగమారిపేట తాతకి, తనకి రెండుసార్లు చెప్పు, మొదటిసారి నిద్దట్లో ఉంటాడు. పెందుర్తిలో ధనలక్ష్మి వదినకి, ఆమె వీధి చివర బండి ఆపి హారను కొట్టింది నానేనని కూడా చెప్పు. దువ్వాడలో సన్నీ గాడికి, ఆడపిల్లకి డీజిలు మెకానిక్కేటని నవ్వాడు గదా, వాడికి తీరిగ్గా చెప్పు. పూడిమడకలో మా చిన్నాన్న కొడుకులు ముగ్గురికీ, ఒకడికి చెప్పి ఊరుకుంటే మిగతా ఇద్దరూ అలుగుతారు. దొరబాబు మావ పక్కనే ఉన్నాడు, అన్నీ కళ్ళారా చూసాడు, అయినా తనకీ చెప్పు, నీ నోట విననీ.

చెప్పేటప్పుడు మాత్రం "మా నాన్న బండి బాగైంది" అని చెప్పకు తల్లీ. "నాను బాగు చేసాను" అని చెప్పు.

మీ నాన్న
ఎల్లారావు